తిథి, తేదీ, మన పుట్టినరోజులు

ఈ ఏడాది సంచికకి ఏదైనా రాసి పంపమని కార్యదర్శిగారు ఫోన్ చేసినప్పుడు "యుద్ధం గురించి రాయమంటారా?" అని అడిగాను. "యుద్ధాల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు సార్, మీకు బాగా తెలిసింది రాయండి" అన్నారు. నాకు బాగా తెలిసింది ఏమిటా అని ఆలోచిస్తే నవ్వొచ్చింది. ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో తుపాకీ పట్టుకున్న రోజుల కంటే రిజిస్టరు పట్టుకున్న రోజులే ఎక్కువ. క్లర్కుగా చేరి, క్లర్కుగానే నాయబ్ సుబేదార్ అయి, 1998లో ఇంటికి వచ్చినవాణ్ణి. ఆ రిజిస్టర్లలో పేరు తర్వాత, నంబరు తర్వాత నా చేత్తో ఎక్కువసార్లు రాసింది పుట్టిన తేదీ. అందుకని పుట్టినరోజు సంగతే రాస్తున్నాను.

ముందు చదివేవారిని ఒక మాట అడగాలి. మీ డిశ్చార్జి బుక్కులో ఉన్న తేదీనే మీరు పుట్టారా? అరవై దాటిన మన వాళ్ళని ఈ ప్రశ్న అడిగి చూడండి. జవాబు చెప్పే ముందు చాలామంది ఒక నవ్వు నవ్వుతారు. నా సంగతే తీసుకోండి. మా అమ్మ లెక్కలో నేను మన్మథ నామ సంవత్సరం మార్గశిర శుద్ధ చతుర్దశి నాడు, రోహిణీ నక్షత్రంలో పుట్టాను. అంటే 1955 డిసెంబరు చివరి వారం. సర్కారు లెక్కలో నేను పుట్టింది 1-7-1954. ఏడాదిన్నర తేడా. మా అన్నని బళ్ళో వేస్తుంటే నేనూ వెళ్తానని ఏడ్చానట. హెడ్‌మాస్టరుగారు నా కుడిచెయ్యి తలమీదుగా తిప్పి ఎడమ చెవి అందుతుందో లేదో చూశారు. అందీ అందనట్టు ఉంది. "సరే, రానీండి" అని, ఐదేళ్ళు నిండినట్టు లెక్క కట్టి జులై ఒకటి వేసేశారు. ఆ కలంపోటు నన్ను యాభై ఏళ్ళు వెంటాడుతుందని ఆయనకేం తెలుసు!

అసలు మన పెద్దవాళ్ళకి తేదీతో పనే లేదు. వాళ్ళకి తిథి, నక్షత్రం ముఖ్యం. శ్రీరాముడు చైత్ర శుద్ధ నవమి, పునర్వసు. శ్రీకృష్ణుడు శ్రావణ బహుళ అష్టమి, రోహిణి. తిరుమల వేంకటేశ్వరస్వామికి శ్రవణా నక్షత్రం, బ్రహ్మోత్సవాలలో చక్రస్నానం ఆ నక్షత్రం నాడే. మనిషికీ అదే పద్ధతి. పుట్టినరోజు అంటే పొద్దున్నే నువ్వులనూనె రాసి తలంటి పొయ్యడం, ఉన్నంతలో కొత్తబట్ట, గుడికి వెళ్ళి గోత్రనామాలతో అర్చన, ఇంటికొచ్చాక పరమాన్నం, పెద్దల కాళ్ళకి దణ్ణం పెడితే అక్షింతలు. అంతే. మా ఊళ్ళో అదీ మగపిల్లలకే. జాతకం రాయించేది మగపిల్లలకే కాబట్టి ఆడపిల్లల తిథులు తల్లి నోట్లో తప్ప ఎక్కడా ఉండేవి కావు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

తిథి లెక్కలో ఒక చిక్కు, ఒక అందం ఉన్నాయి. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులు. ఇంగ్లీషు సంవత్సరానికి 365. కాబట్టి తిథి ప్రకారం చేసుకునే పుట్టినరోజు ప్రతి ఏడూ పదకొండు రోజులు ముందుకి జరిగి, అధికమాసం వచ్చిన ఏడు మళ్ళీ వెనక్కి వెళ్తుంది. కానీ 19 సంవత్సరాలకీ 235 చాంద్రమాసాలకీ దాదాపు సరిపోతుంది. అందుకని మీ పందొమ్మిదో పుట్టినరోజున, ముప్ఫై ఎనిమిదో దానికి, యాభై ఏడో దానికి, తిథీ తేదీ ఒకేరోజునో ఒకరోజు అటూఇటుగానో వచ్చి కలుస్తాయి. అనుమానం ఉంటే పాత పంచాంగం తీసి చూసుకోండి. నా పందొమ్మిదోది నేను ట్రైనింగులో ఉండగా వచ్చింది. ఆ రోజు నాకు ఫెటీగ్ డ్యూటీ, లంగర్‌లో ఉల్లిపాయలు తరగడం.

అరవై నిండితే షష్టిపూర్తి. దాని వెనక లెక్క గ్రహాలది. బృహస్పతి రాశిచక్రం చుట్టి రావడానికి సుమారు పన్నెండేళ్ళు, శనికి సుమారు ముప్ఫై. రెండూ కలిసి తిరిగి మొదటి చోటుకి రావాలంటే అరవై ఏళ్ళు. ప్రభవ నుంచి అక్షయ దాకా మన సంవత్సరాల పేర్లు అరవై ఉన్నది అందుకే. మనిషి పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ అరవై ఏళ్ళకి గాని రాదు. అది చూడగలిగినవాడు అదృష్టవంతుడు కాబట్టి భార్యాభర్తలకి మళ్ళీ పెళ్ళి చేస్తారు. ఎనభై దాటి దాదాపు పది నెలలు గడిస్తే మనిషి బతుకులో వెయ్యి పౌర్ణములు పూర్తవుతాయి. దాన్నే సహస్ర చంద్ర దర్శనం అంటారు. పుట్టినరోజుని పెళ్ళిగా మార్చుకోవడం మనకి బాగా అలవాటు లెండి. భద్రాచలంలో శ్రీరామనవమి నాడు రాముడి పుట్టినరోజుకి మనం చేసేది ఆయన కల్యాణమే కదా.

ఇదంతా ఇంట్లో జరిగేది. పుట్టినరోజు వీధిలోకి వచ్చింది రాజుల వల్ల. తూకం వేయించుకుని ఆ బరువు బంగారం దానం చేసే తులాపురుష దానం మన రాజులలో పాతకాలం నుంచీ ఉంది. హంపి వెళ్ళినవాళ్ళు విఠలాలయం దగ్గర రాతి తులాభారం చూసే ఉంటారు. అయితే దాన్ని గ్రహణాలకీ, పుణ్యకాలాలకీ, పట్టాభిషేకాలకీ చేసేవారు. మొగలాయి చక్రవర్తులు ఆ ఆచారం తీసుకుని పుట్టినరోజుకి ముడిపెట్టారు. అక్బరు 1542 అక్టోబరు 15న అమర్‌కోట్‌లో పుట్టాడు, అది ఇప్పుడు పాకిస్తాన్ సింధు రాష్ట్రంలో ఉంది. అబుల్ ఫజల్ 'అయినీ అక్బరీ'లో రాసిన దాన్నిబట్టి ఆయన్ని ఏడాదికి రెండుసార్లు తూచేవారు. సౌరమానం ప్రకారం వచ్చే పుట్టినరోజున బంగారంతో మొదలుపెట్టి పన్నెండు రకాల వస్తువులతో, చాంద్రమానం ప్రకారం వచ్చే పుట్టినరోజున వెండితో మొదలుపెట్టి ఎనిమిది రకాలతో. అంటే హిందూస్తాన్ పాదుషాకి కూడా మనలాగే రెండు పుట్టినరోజులు! కాకపోతే ఆయనకి రెండు పండగలు, మనకి రెండు తగాదాలు.

జహంగీరు తూకాన్ని ఇంగ్లండు రాయబారి సర్ థామస్ రో 1617లో మాండూలో కళ్ళారా చూశాడు. రాజుగారి ఒంటినిండా రత్నాలు, బంగారు త్రాసు, సంచుల మీద సంచులు ఎత్తుతున్నారు. అన్నీ వర్ణించి చివర్లో ఆ తెల్లదొర ఒక చురక వేశాడు. సంచులు కట్టి ఉన్నాయి, లోపల ఏముందో నాకు కనబడలేదు, గులకరాళ్ళయినా అయి ఉండొచ్చు అన్న అర్థంలో. స్టోర్స్‌లో పనిచేసిన మన వాళ్ళకి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. సీలు వేసిన సంచిని చూసి రసీదు మీద సంతకం పెట్టకూడదని ఆయనకీ ఎవరో నేర్పినట్టున్నారు. తర్వాత ఔరంగజేబు ఈ తూకాల పద్ధతి మాన్పించాడు.

ఆ దర్బారు సంప్రదాయం నుంచే ఉర్దూలో సాల్‌గిరా అన్న మాట వచ్చింది. సాల్ అంటే సంవత్సరం, గిరా అంటే ముడి. పిల్లవాడి పేరున ఒక దారం పెట్టి ఏడాదికొక ముడి వేసేవారు. హైదరాబాద్ పాతబస్తీలో పుట్టినరోజుని ఇప్పటికీ సాల్‌గిరా అనే అంటారు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయిన నా స్నేహితుడొకడు, చదువురాని వాళ్ళకి ఇంతకన్నా మంచి బర్త్ సర్టిఫికెట్ లేదంటాడు. ముడులు లెక్కపెట్టుకుంటే చాలు, గుమస్తా కలం అక్కర్లేదు.

ఇంగ్లీషువాళ్ళు వచ్చాక పుట్టినరోజు పెరేడ్ గ్రౌండుకి వచ్చింది. లండన్‌లో జరిగే ట్రూపింగ్ ద కలర్ పెరేడ్‌ని 1748లో రెండో జార్జి రాజు పుట్టినరోజుకి జోడించారు. ఇక్కడే ఒక తమాషా ఉంది. ఎడ్వర్డ్ ఏడవ రాజు పుట్టింది నవంబరు 9న. నవంబరులో లండన్‌లో చలి, వాన, పొగమంచు. పెరేడ్‌కి పనికిరాదు. అందుకని రాజుగారి పెరేడ్‌ని వేసవికి మార్చారు. అప్పటినుంచీ వాళ్ళకి అసలు పుట్టినరోజు ఒకటి, అధికారిక పుట్టినరోజు ఒకటి. ఎలిజబెత్ రాణి 1926 ఏప్రిల్ 21న పుడితే ఆవిడ పెరేడ్ జూన్‌లో జరిగేది. ఇప్పుడున్న చార్లెస్ రాజు పుట్టింది 1948 నవంబరు 14న, ఆయన పెరేడూ జూన్‌లోనే. మన హెడ్‌మాస్టరుగారు జులై ఒకటి వేస్తే తప్పు, వాళ్ళు వాతావరణం చూసి వేసుకుంటే సంప్రదాయం!

మన దేశంలో కంటోన్మెంట్లన్నిటిలో రాజుగారి పుట్టినరోజుకి పెరేడ్ ఉండేది. రావుబహద్దూర్, దివాన్ బహద్దూర్ బిరుదులు జనవరి ఒకటిన గాని రాజు పుట్టినరోజున గాని ప్రకటించేవారు. ఎక్కడో సముద్రాల అవతల ఒకాయన పుట్టిన పుణ్యానికి మన జిల్లాలో ఒక జమీందారుగారి పేరు ముందు రెండు ముక్కలు చేరేవన్నమాట. మన తాతలు ఆ పెరేడ్లలో నిలబడ్డారు. రాజు పుట్టినరోజుకి సలాం కొట్టిన ఆ సిపాయిలలో తమ పుట్టినరోజు ఎప్పుడో తెలిసినవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు?

స్వాతంత్ర్యం తర్వాత రాజుల స్థానంలో నాయకుల పుట్టినరోజులు వచ్చాయి. అక్టోబరు 2, నవంబరు 14, సెప్టెంబరు 5 చిన్నప్పుడు బళ్ళో బిళ్ళలు పంచిపెడితే తెలిసినవే. కానీ వీటిలోనూ కాగితం కథలు ఉన్నాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి పుట్టినతేదీ రికార్డుల్లో 1888 సెప్టెంబరు 5. 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవం ఆ రోజే చేసుకుంటున్నాం. అయితే తాను పుట్టింది 1887 సెప్టెంబరు 20 అని ఆయనే అనుకునేవారని, కుమారుడు, చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్ తండ్రిగారి జీవితచరిత్రలో రాశారు. సర్దార్ పటేల్ సంగతి ఇంకా బాగుంటుంది. మెట్రిక్యులేషన్ పరీక్ష కాగితంలో పుట్టినతేదీ రాయవలసి వస్తే ఆయన అక్టోబరు 31 అని రాశారు. అంతకుముందు ఆ తేదీ ఎక్కడా నమోదయి లేదు. 2014 నుంచి దేశమంతా అదే రోజున ఏక్తా దివస్ జరుపుతోంది. దేశానికి ఉక్కుమనిషి అయినా పరీక్ష ఫారం ముందు ఆయనా మనలాంటి పల్లెటూరి కుర్రాడే.

ఇక పటాలంలో సంగతి. నా సర్వీసు మొదటి సంవత్సరాల్లో బారక్‌లో ఏ జవానూ పుట్టినరోజు చేసుకున్నట్టు నాకు గుర్తులేదు. కేకు అంటే ఆఫీసర్స్ మెస్‌లో వస్తువు. మనకి దీపం ఆర్పడం అన్న మాటే కిట్టదు, ఆరిపోయింది అనకుండా కొండెక్కింది అంటాం. కొవ్వొత్తి ఊది ఆర్పి చప్పట్లు కొట్టడమేమిటని మా సుబేదార్ మేజర్ సాబ్ ముఖం చిట్లించేవారు. కొవ్వొత్తులూ కేకూ జర్మనీలో పిల్లల కోసం పుట్టిన వేడుక. ఆ పాట బాణీ అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో హిల్ అనే ఇద్దరు అక్కచెల్లెళ్ళు 1893లో బడిపిల్లల కోసం అచ్చువేసిన వేరే పాటది. అవి మన కంటోన్మెంట్ బేకరీల ద్వారా ముందు ఆఫీసర్ల పిల్లలకి, తర్వాత ఫ్యామిలీ క్వార్టర్స్‌కి, చివరికి మా ఊరి రామాలయం వీధికీ వచ్చాయి. నా మనవరాలికి పరమాన్నం వద్దు, కేకు కావాలి. నేను పేచీ పెట్టను. రెండూ తినొచ్చు.

కానీ పటాలంలో ఒక పుట్టినరోజు మాత్రం ఎవరూ మరిచిపోరు. అది పటాలానిది. రైజింగ్ డే. మద్రాస్ రెజిమెంట్ తన పుట్టుక 1758 నుంచి లెక్కపెట్టుకుంటుంది. మద్రాస్ సాపర్స్‌ది 1780 సెప్టెంబరు 30. ఈ.ఎమ్.ఈ. కోర్‌ది 1943 అక్టోబరు 15. అక్బరు పుట్టిన తేదీ అదే, మన అబ్దుల్ కలాంగారు పుట్టిందీ (1931) అదే. వైమానిక దళానిది 1932 అక్టోబరు 8. ఆర్మీ డే, నేవీ డే మాత్రం పుట్టినరోజులు కావు. 1949 జనవరి 15న కరియప్పగారు జనరల్ బుచర్ నుంచి బాధ్యత తీసుకున్న రోజు మొదటిది, 1971 డిసెంబరు 4న కరాచీ మీద దాడి చేసిన రాత్రి రెండోది. నావికాదళం సోదరులు పుట్టినరోజు కన్నా దెబ్బకొట్టిన రోజునే పండగ చేసుకున్నారు. అదీ బాగానే ఉంది.

రైజింగ్ డే నాడు పొద్దున్న మందిర్ పెరేడ్, అమరులకి పుష్పగుచ్ఛాలు, సైనిక్ సమ్మేళన్, సాయంత్రం బడాఖానా. ఆ ఒక్కరోజు సీ.ఓ. సాబ్ మా పళ్ళెంలో వడ్డించేవారు. తన పుట్టినరోజు తేదీ తెలియని జవాను పటాలం పుట్టినరోజు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. దాని తేదీ మీద ఎవరికీ తగాదా లేదు మరి.

తగాదా అంతా మనుషుల తేదీల మీదే. పల్లెల్లో జననాలు రాయడం మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నుంచే ఉంది. గ్రామ మునసబు జనన మరణాల రిజిస్టరు రాసేవారు. అయితే అది మొక్కుబడి. చెబితే రాసేవారు, చెప్పకపోతే లేదు. రాసినా "ఫలానా వారికి ఆడశిశువు" అని ఉండేది తప్ప పేరు ఉండేది కాదు. బారసాల అయ్యాక మళ్ళీ వెళ్ళి పేరు రాయించేవాడెవడు? దేశమంతటికీ వర్తించే జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్ళకి జనన ధ్రువపత్రం ఒక్కటే బడికి, ఉద్యోగానికి, ఆధార్‌కి, అన్నిటికీ పుట్టినతేదీ రుజువు అయింది. నా మనవలకి ఇక ఈ బాధ లేదు. మన తరానికి మాత్రం బడి రిజిస్టరే వేదం.

ఆ వేదంలో జులై ఒకటి ఎందుకంత ఎక్కువో అందరికీ తెలుసు. బడి తెరిచేది జూన్‌లో, చేరికలు అయ్యేసరికి జులై. కానీ నెల మొదటి తేదీన పుట్టడంలో ఒక మడత పేచీ ఉంది. సర్కారు రూలు ప్రకారం నెల మధ్యలో పుట్టినవాడు ఆ నెలాఖరున రిటైరవుతాడు, ఒకటో తేదీన పుట్టినవాడు ముందు నెల ఆఖరి రోజునే ఇంటికి వెళ్ళాలి. అంటే జులై ఒకటి వాడు జూన్ 30న. ఆరో వేతన సంఘం తర్వాత కేంద్ర ఉద్యోగులందరికీ ఇంక్రిమెంటు జులై 1నే కాబట్టి ఏడాదంతా పనిచేసిన ఇంక్రిమెంటు ఒక్క రోజు తేడాతో పోయేది. ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగాక 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అలాంటివాళ్ళకి ఇంక్రిమెంటు ఇవ్వాల్సిందేనంది. పెద్దవాళ్ళకీ ఈ పాట్లు తప్పలేదు. సైన్యాధిపతిగా ఉన్న జనరల్ వి.కె. సింగ్‌గారి పుట్టిన సంవత్సరం ఒక బ్రాంచి రికార్డులో 1950, ఇంకో బ్రాంచిలో 1951. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2012 ఫిబ్రవరిలో ఆయన పిటిషను వెనక్కి తీసుకుని, మే 31న పదవీ విరమణ చేశారు. నా సంగతి అంత పెద్దది కాదు. సైన్యం తర్వాత చేరిన ఉద్యోగంలో 2014 జూన్ 30న దండ వేసి పంపించారు. మా అమ్మ లెక్కన ఇంకో ఏడాదిన్నర జీతం రావాలి. అమ్మ అప్పటికి లేదు. ఉన్నా అమ్మ మాట ఎవరు ఒప్పుకుంటారు?

ఇప్పుడు అసలు రాయాలనుకున్న సంగతికి వస్తాను. 2006 నుంచి ఎనభై నిండిన పెన్షనరుకి అదనపు పెన్షను ఉంది. ఎనభైకి ఇరవై శాతం, ఎనభై అయిదుకి ముప్ఫై, తొంభైకి నలభై, తొంభై అయిదుకి యాభై, నూరేళ్ళు నిండితే నూటికి నూరు. ఫ్యామిలీ పెన్షనుకీ ఇదే లెక్క. అందరికీ తెలిసిన రూలే. కానీ మన జవానుల వితంతువులలో చాలామంది పెన్షను కాగితాల్లో భార్య పుట్టినతేదీ అన్న గడి ఖాళీగా ఉంటుంది, లేదా ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి ఉంటుంది. తేదీ తేలకపోతే ఎనభై ఎప్పుడు నిండినట్టు?

మూడేళ్ళ క్రితం మా జిల్లాలో మాజీ సైనికుల సమావేశానికి ఒక అమ్మ వచ్చింది. భర్త హవల్దారుగా రిటైరై చాలాకాలం క్రితం పోయారు. మనవడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆధార్ కార్డులో పుట్టినతేదీ 01-01-1950. కార్డు తీసేటప్పుడు కంప్యూటర్ అబ్బాయి మనిషిని చూసి వేసిన తేదీ అది. "అమ్మా, నువ్వెప్పుడు పుట్టేవో ఏమైనా తెలుసా?" అని అడిగాను.

"నాకేటి తెలుస్తది బాబూ. మాయమ్మ సెప్పీది. విశాపట్నంలో బాంబులు పడ్డాయట. నాన్న బండి కట్టి అందర్నీ ఎక్కించీసినాడట. మూడో నాడు తోవలోనే నాను పుట్టీసినానట."

నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసిన రోజు. పట్నం ఖాళీ అయిపోయింది, ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరు తరలించారు. చిత్రభాను నామ సంవత్సరం, చైత్ర బహుళం. మూడో నాడంటే ఏప్రిల్ 8, కాదంటే 9. రాజులకీ దివానులకీ లేనంత కచ్చితమైన పుట్టినరోజు ఆ అమ్మది. యుద్ధ చరిత్ర పుస్తకాల్లో అచ్చయి ఉన్న తేదీ. ఆ లెక్కన 2022 ఏప్రిల్‌లో ఆమెకి ఎనభై నిండిపోయాయి. కానీ ఏ ఆఫీసులోనూ బాంబుని రుజువుగా తీసుకోరు.

మునసబు రిజిస్టరు ఆశ పెట్టుకోలేదు. తోవలో పుట్టిన ఆడశిశువుని ఏ ఊరి మునసబు రాస్తాడు? భర్తగారి డిశ్చార్జి బుక్కు తెమ్మన్నాను. పెట్టెలో అడుగున గుడ్డలో చుట్టి పెట్టుకుంది. కుటుంబ వివరాల దగ్గర ఆమె పేరు, పక్కన పుట్టినతేదీ 1-7-1944.

ఆ అంకెలు చూసి నేను కాసేపు మాట్లాడలేదు. ఆ చేతిరాత నాది కాదు. ఆయన పటాలం వేరు, ఆ కాగితం నేను చేరకముందుది. అయినా అది నాది కాదని ఎలా చెప్పను? పెళ్ళి చేసుకుని సెలవు నుంచి వచ్చిన జవాను పార్ట్ టూ ఆర్డర్ కోసం ఆఫీసుకి వస్తే నేనూ అడిగేవాణ్ణి, "భార్య పుట్టినతేదీ?" అని. వాడు బుర్ర గోక్కునేవాడు. "నీకంటే ఎన్నేళ్ళు చిన్న?" "నాలుగో ఐదో సాబ్." వాడి సంవత్సరానికి ఐదు కలిపి, ముందు జులై ఒకటి తగిలించి రాసేవాణ్ణి. నా హెడ్‌మాస్టరుగారు నాకు చేసిందే నేను ఎంతోమంది ఆడవాళ్ళకి చేశాను. వాళ్ళ ముఖమైనా చూడలేదు. ఉత్తరం రాసి వాళ్ళ అమ్మని కనుక్కోమని ఒక్కసారైనా చెప్పి ఉండొచ్చు. తపాలా నాలుగు రోజుల్లో వెళ్ళేది. రోజుకి పాతిక కాగితాలు తెమలాలి, ఖాళీ గడి ఉంటే పై ఆఫీసు నుంచి తిరిగి వస్తుంది. ఖాళీ గడి కంటే తప్పు గడి నయమని మాకు ఎవరూ నేర్పలేదు. మాకు మేమే నేర్చుకున్నాం.

ఆ అమ్మకి విషయం చెప్పాను. మీ అమ్మ చెప్పినది నిజం తేదీ, కానీ కాగితం లేదు. ఆధార్‌ది తప్పు, దాంతో వెళ్తే 2030 దాకా ఆగాలి. మీ ఆయన రాయించినది రెండేళ్ళు తక్కువ, కానీ రికార్డ్స్ ఆఫీసులో దాని జత కాగితం ఉంటుంది, అది నిలబడుతుంది. లేదూ, డాక్టరు దగ్గర వయసు పరీక్ష, అఫిడవిట్, అలా తిరగొచ్చు.

మనవడు 1942కే పట్టుపడదామన్నాడు. రెండేళ్ళ బకాయి కదా. ఆమె ఒప్పుకోలేదు.

"ఆయన ఏటి రాయించినాడో అదే ఉండనీ బాబూ" అంది.

ఆ కాగితంతో ముందు ఆధార్ సరిచేయించడానికి నాలుగు నెలలు పట్టింది. రికార్డ్స్ ఆఫీసుకి రాసిన ఉత్తరాలు మూడు. జవాబు వచ్చి, పెన్షను కాగితంలో తేదీ ఎక్కేసరికి ఇంకో ఏడు నెలలు. 2024 జులై నుంచి ఇరవై శాతం కలిసింది. ఆ నెల ఫోన్ చేసి మనవడే చెప్పాడు. "మామ్మ మీకు చెప్పమంది సార్, డబ్బులు పడ్డాయట" అన్నాడు. పుట్టినరోజు చేశారా అని అడిగాను. కేకు తెచ్చాడట. ఆవిడ కొవ్వొత్తి ఊదనంటే అలాగే వెలగనిచ్చారట.

చదువుతున్న మన అన్నదమ్ములు ఇంటికెళ్ళి డిశ్చార్జి బుక్కూ, పెన్షను కాగితమూ, ఇంటావిడ ఆధార్ కార్డూ మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. అత్తగారు బతికి ఉంటే ఆవిణ్ణి అడగండి. తేడా ఉంటే మీరుండగానే సరిచేయించండి. ఉత్తరం ఎలా రాయాలో తెలియకపోతే నన్ను పిలవండి. నా నంబరు కార్యదర్శిగారి దగ్గర ఉంది.